పోలీసు స్టేషన్ పర్యవేక్షణలో మీకూ ఒక కుర్చీ ఉంది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్లకు, నగర మేయర్లకు, రేపటి ఎన్నికల్లో గెలిచి ఆ పదవుల్లోకి రాబోయేవారికి,



జడ్పీ సర్వసభ్య సమావేశంలో తాగునీటి పథకం ఎందుకు ఆగిందని మీరు ఈఈని నిలదీస్తారు. పీహెచ్‌సీలో డాక్టరు లేడని డీఎంహెచ్‌వోను, బడిలో టీచర్లు చాలరని డీఈవోను అడుగుతారు. వాళ్లు లేచి జవాబు చెబుతారు, ఆ జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. పోలీసు స్టేషన్ మాట మాత్రం అజెండాలోకి రాదు. రాజ్యాంగం 11వ షెడ్యూలు పంచాయతీలకు 29 అంశాలు ఇచ్చింది, 12వ షెడ్యూలు పట్టణాలకు 18 అంశాలు ఇచ్చింది. శాంతిభద్రతలు ఆ రెండింటిలోనూ లేవు. జడ్పీకి ఉన్న ఏడు స్థాయీ సంఘాల్లో పోలీసుల పని చూసేది ఒక్కటీ లేదు. ఊళ్లో ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్లి కొట్టారని తెలిస్తే జడ్పీటీసీ సభ్యుడు చేయగలిగిందల్లా ఎస్సైకి ఫోన్ చేయడం, లేదంటే ఎమ్మెల్యేతో చేయించడం. ఆ ఫోన్‌కు రికార్డు ఉండదు, జవాబుదారీ ఉండదు.

2020 డిసెంబరు 2న ఈ పరిస్థితిలో ఒక మార్పు వచ్చింది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో జస్టిస్ రోహింటన్ నారిమన్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ అనిరుద్ధ బోస్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. ఆ వార్త అందరూ చదివారు. వాటిని ఎవరు పర్యవేక్షించాలో కూడా అదే తీర్పు చెప్పింది. ఆ భాగం చాలామందికి చేరలేదు. ప్రతి జిల్లాలో ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. డివిజనల్ కమిషనర్, కలెక్టర్, ఎస్పీ అందులో ఉంటారు. వారితో పాటు పట్టణ ప్రాంతమైతే మేయర్, గ్రామీణ ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధినేత ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో డివిజనల్ కమిషనర్ వ్యవస్థ లేదు కాబట్టి మిగిలేది కలెక్టర్, ఎస్పీ, మీరు. ఆ ముగ్గురిలో ప్రజలు ఓటేసి పంపినవారు మీరొక్కరే.

మీ దగ్గరకు ఈ కబురు ఎవరూ తేకపోయి ఉండవచ్చు. అందుకే ఈ లేఖ.

ముందు ఆ తీర్పు చెప్పిన పని ఎంత వివరంగా ఉందో చూడండి. స్టేషన్‌లోకి వచ్చే దారులు, బయటకు పోయే దారులు, ప్రధాన గేటు, లాకప్‌లన్నీ, లాకప్ ముందు భాగం, వరండాలు, రిసెప్షన్, సీఐ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, మరుగుదొడ్ల బయట, స్టేషన్ వెనుక భాగం, ఇలా కెమెరా ఎక్కడెక్కడ ఉండాలో తీర్పు ఒక్కొక్కటిగా పేర్కొంది. కెమెరాకు చీకట్లోనూ చూసే శక్తి ఉండాలి, బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలి. ఆ రికార్డు 18 నెలలు నిల్వ ఉండాలి. అంత సామర్థ్యం ఉన్న పరికరం మార్కెట్లో దొరకకపోతే కనీసం ఏడాది. కరెంటు, ఇంటర్నెట్ లేని చోట సౌర విద్యుత్తుతోనో పవన విద్యుత్తుతోనో అయినా ఆ సదుపాయం కల్పించాల్సింది ప్రభుత్వమే. పాడేరు, చింతూరు ఏజెన్సీల్లోని స్టేషన్లకైనా, ఏటూరునాగారం అడవుల్లోని స్టేషన్లకైనా మినహాయింపు లేదు. కెమెరా పనిచేయకపోతే ఆ సంగతి వెంటనే జిల్లా కమిటీకి తెలపాల్సిన బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది.

కమిటీ చేయాల్సిన పనుల్లో మిగతావి యంత్రాల బాగోగులు చూడటం, నెలనెలా రాష్ట్ర స్థాయి పర్యవేక్షణ కమిటీకి నివేదిక పంపడం. ఒకటి మాత్రం వేరు. స్టేషన్లలో నిల్వ ఉన్న దృశ్యాలను కమిటీ తానే చూసి, ఎవరూ ఫిర్యాదు చేయని మానవ హక్కుల ఉల్లంఘనలు ఏమైనా జరిగాయేమో పరిశీలించాలి. దెబ్బలు తిన్నవాడు భయపడి నోరు విప్పకపోయినా కమిటీ కన్ను అక్కడ ఉండాలని దాని అర్థం. మన దేశంలో స్థానిక ప్రజాప్రతినిధికి పోలీసు స్టేషన్ లోపలి సంగతులపై ఇంత సూటి అధికారం చేతికందడం అరుదు.

ఈ మార్పు విలువ తెలియాలంటే మన పోలీసు వ్యవస్థ ఏ పునాది మీద నిలిచిందో గుర్తు చేసుకోవాలి. కోస్తా, రాయలసీమ జిల్లాల పోలీసుకు మూలం 1859 నాటి మద్రాసు చట్టం. తెలంగాణ జిల్లాలకు 1329 ఫసలీ నాటి నిజాం చట్టం, హైదరాబాద్ నగరానికి 1348 ఫసలీ చట్టం. మిగతా దేశంలో చాలా భాగానికి 1861 చట్టం. సిపాయిల తిరుగుబాటు తర్వాత పాలకులు తమ భద్రత కోసం రాసుకున్నవి కొన్ని, సంస్థానం తన కోసం రాసుకున్నవి కొన్ని. పోలీసు పైకి జవాబు చెప్పాలి, ప్రభుత్వానికి చెప్పాలి, మహా అయితే జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఊరికి జవాబు చెప్పాలన్న ఆలోచన ఆ చట్టాల్లో లేదు. స్వాతంత్య్రం వచ్చాక పంచాయతీరాజ్ వచ్చింది, 73, 74 రాజ్యాంగ సవరణలు వచ్చాయి. పోలీసు మాత్రం ఆ వరుసలోకి రాలేదు.

అందుకే మనకు తెలిసిన జవాబుదారీ అంతా ఘోరం జరిగిపోయాక, దూరం నుంచి వచ్చిందే. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగి, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయినప్పుడు నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు వెళ్లింది, అక్కడ కొట్టేశారు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ బలగాలపై సామూహిక అత్యాచారం ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్‌లో, అంటే పదిహేనేళ్లు దాటాక, విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర జరిగిన, అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్‌పై జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. కమిషన్ వేయాలన్నా, నివేదిక రావాలన్నా, కోర్టు కదలాలన్నా ఏళ్లు పడతాయి. ఈలోగా సాక్షులు చెదిరిపోతారు, ఆధారాలు మాసిపోతాయి.

ఇటీవలి ఘటనలు కూడా మీ జ్ఞాపకంలోనే ఉంటాయి. 2020 జూలైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించి, మీసం తీయించారు. అదే ఏడాది నవంబరులో నంద్యాలలో ఆటో నడుపుకునే ఒక కుటుంబం, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో సహా, పోలీసుల వేధింపులే కారణమని సెల్ఫీ వీడియోలో చెప్పి రైలు కింద పడింది. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ ప్రాణాలతో ఇంటికి వెళ్లలేదు. ఆమె వంటపని చేసుకుని బతికే మనిషి. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడని ఒక కూలీని హైదరాబాద్ నుంచి మెదక్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. దొంగ అతను కాదని వదిలేశారు. తనను కొట్టారని ఆసుపత్రి మంచం మీద చెప్పిన ఆ మనిషి ఫిబ్రవరిలో చనిపోయాడు. హైకోర్టు ఆ కేసును తనంత తానుగా చేపట్టింది.

మెదక్ ఘటన దగ్గర ఒక్క క్షణం ఆగాలి. రోడ్డు మీది కెమెరాలో కనిపించిన పోలిక ఆ కూలీని స్టేషన్‌కు రప్పించడానికి సరిపోయింది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ నుంచి నగరమంతా చూడొచ్చని ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకున్నాయి. పౌరుడిని చూడటానికి అంత యంత్రాంగం ఉన్నప్పుడు, పౌరుడిని లోపల ఉంచిన గదిని చూడటానికి మీ కమిటీ ఉండి తీరాలి.

కెమెరా ఉన్నా చూసేవారు లేకపోతే ఏమవుతుందో తమిళనాడులోని సాత్తాన్‌కుళం చెప్పింది. 2020 జూన్ 19న లాక్‌డౌన్ వేళలు దాటాక సెల్‌ఫోన్ దుకాణం తెరిచి ఉంచారన్న ఆరోపణతో తండ్రిని, ఆయన వెంట వెళ్లిన కొడుకును స్టేషన్‌లో పెట్టారు. నాలుగు రోజుల్లో ఇద్దరూ చనిపోయారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశంపై కోవిల్‌పట్టి మేజిస్ట్రేటు ఆ స్టేషన్‌కు వెళ్లారు. కెమెరాలున్నాయి, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ కూడా ఉంది. కానీ ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా దాన్ని అమర్చి పెట్టారు. 19వ తేదీ నుంచి ఒక్క దృశ్యం కూడా మిగల్లేదు. అప్పుడు డ్యూటీలో ఉన్న ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే నిజం చెప్పింది. రాత్రంతా కొట్టారని, లాఠీల మీదా బల్ల మీదా రక్తపు మరకలున్నాయని వాంగ్మూలం ఇచ్చింది. బయట సహోద్యోగుల అలజడి వినిపిస్తుంటే సంతకం పెట్టడానికి మొదట వెనకాడింది. రక్షణ కల్పిస్తామని భరోసా ఇచ్చాకే పెట్టింది. చివరికి హైకోర్టు ఆ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల అధీనంలో ఉంచాల్సి వచ్చింది. సీబీఐ తొమ్మిది మంది పోలీసులపై ఛార్జిషీటు వేసింది.

హార్డ్ డిస్క్ ఏ రోజు దృశ్యాలను ఆ రోజే చెరిపేస్తోందని తెలుసుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. నెలకోసారి ఎవరైనా వెళ్లి, ‘పదిహేను రోజుల కిందటి రాత్రి రికార్డు చూపించండి’ అని అడిగి ఉంటే చాలు. ఆ అడిగే మనిషిగా సుప్రీంకోర్టు మిమ్మల్ని నియమించింది. తీర్పు వచ్చి ఐదేళ్లు కావస్తున్న వేళ, 2025 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు మళ్లీ ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు తీసుకుంది. రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రికా కథనం అందుకు కారణం. అంటే ఆదేశం కాగితం మీద ఉంది, అమలు ఇంకా జిల్లాల చేతుల్లోనే ఉంది.

రాజకీయ పదవిలో ఉన్నవారిని పోలీసు వ్యవహారాల్లోకి రానివ్వడం ప్రమాదం కాదా అని నిజాయతీగా అడిగేవారున్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. ఎస్సై, సీఐ పోస్టింగుల్లో సిఫార్సు లేఖలు ఎలా నడుస్తాయో, సివిల్ తగాదాలు స్టేషన్ సెటిల్‌మెంట్లుగా ఎలా మారతాయో జనానికి తెలుసు. అయితే ఆ జోక్యమంతా ఫోన్లలో, తలుపుల వెనుక జరిగేది. జిల్లా కమిటీ పని అందుకు పూర్తిగా భిన్నం. ఫలానా వాడిపై కేసు పెట్టమనో, ఫలానా వాడిని వదిలేయమనో చెప్పే అధికారం దానికి లేదు. పక్కన కలెక్టర్, ఎస్పీ కూర్చుని ఉంటారు. చూసిందీ అడిగిందీ నివేదికగా రాష్ట్ర కమిటీకి వెళ్తుంది. చాటుమాటు పలుకుబడిని తగ్గించాలంటే రికార్డుకెక్కే పర్యవేక్షణ పెరగడమే మార్గం. ఆ దృశ్యాల్లో ఫిర్యాదుకు వచ్చిన ఆడపిల్లలు, సాక్షులు, పిల్లలు ఉంటారు. వారి గోప్యత కాపాడటం, చూసింది బయట మాట్లాడకపోవడం, పార్టీ అవసరాలకు వాడకపోవడం మీ బాధ్యత. ఆ నిగ్రహం చూపిస్తేనే ఈ కుర్చీకి గౌరవం నిలుస్తుంది.

పోలీసులకూ ఇది మేలే. తప్పుడు ఆరోపణ వచ్చినప్పుడు నిజాయతీపరుడైన ఎస్సైని కాపాడేది ఆ రికార్డే. పై అధికారి చెప్పాడని లాఠీ ఎత్తాల్సి వచ్చిన కానిస్టేబుల్‌కు ‘కెమెరా ఉంది సార్’ అనే ధైర్యం ఇచ్చేదీ అదే. సాత్తాన్‌కుళం హెడ్ కానిస్టేబుల్ ఒంటరిగా మోసిన బరువు ఏ ఉద్యోగీ మోయాల్సిన అవసరం రాకూడదు.

మీలో చాలామంది ఎక్కడి నుంచి వచ్చారో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాల స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉన్నాయి. పైన చెప్పిన ఘటనల్లో బాధితులు ఎవరో మళ్లీ చూడండి: దళిత మహిళ, దళిత యువకుడు, ఆదివాసీ స్త్రీలు, ఆటో డ్రైవర్, దినసరి కూలీ. వారి వాడల నుంచి ఎదిగి వచ్చిన జడ్పీ ఛైర్‌పర్సన్ ఎస్పీ పక్కన కూర్చుని ప్రశ్న అడగడం రిజర్వేషన్‌కు అసలైన సార్థకత.

కొన్ని చిక్కులున్నాయి, దాచాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి, జిల్లా పరిషత్‌లు మాత్రం 13గానే కొనసాగాయి. దాంతో ఒక్క ఛైర్‌పర్సనే రెండు మూడు జిల్లాల కమిటీల్లో కూర్చోవాలి. తెలంగాణలో జడ్పీల పదవీకాలం 2024 జూలైలో ముగిసి, పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. ఎన్నికైన ఛైర్‌పర్సన్ లేనప్పుడు కమిటీలో ప్రజల గొంతు ఉండదు. మిగిలేది అధికారులు అధికారులను పర్యవేక్షించడమే. స్థానిక ఎన్నికలు సకాలంలో జరగాలనడానికి ఇదీ ఒక కారణం.

కెమెరా ఒక్కటే చాలదు కూడా. వాకపల్లిలో కెమెరా లేదు. అనుమానితుణ్ని స్టేషన్‌కు తీసుకురాకుండా మరో చోట ఉంచితే ఏ హార్డ్ డిస్కూ చెప్పదు. ఇలాంటి ఫిర్యాదులు వినేందుకు సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో ఏడు ఆదేశాలిస్తూ పోలీసు ఫిర్యాదుల అథారిటీలను పెట్టమంది. ఆ పిటిషన్ వేసిన ప్రకాశ్ సింగ్ స్వయంగా మాజీ డీజీపీ. జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడిగా, డీఎస్పీ వరకు అధికారులపై ఫిర్యాదులు వినాలి. రాష్ట్ర స్థాయిలో విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి ఆధ్వర్యంలో ఎస్పీ, ఆ పై అధికారులపై వినాలి. లాకప్ మరణాలు, కస్టడీలో అత్యాచారాలే కాదు, బెదిరించి డబ్బు గుంజడం, భూములు ఇళ్లు ఆక్రమించడం కూడా జిల్లా అథారిటీ పరిధిలోకి వస్తాయి. దాని సిఫార్సులను సంబంధిత అధికారి పాటించి తీరాలి.

ఆ ఆదేశాల అమలును పరిశీలించిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ 2010లోనే రాష్ట్రాల ఉదాసీనత మీద ఆవేదన తెలిపింది. ఉమ్మడి రాష్ట్రం 2013లో జీవోలు ఇచ్చింది. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర అథారిటీకి ఛైర్మన్‌ను నియమిస్తే, వయోపరిమితి దాటినవారిని నియమించారన్న పిటిషన్‌పై హైకోర్టు కొన్ని నెలలకే ఆ ఉత్తర్వును నిలిపివేసింది. కేరళ 2011 పోలీసు చట్టంలోనే ఈ అథారిటీలకు చోటు కల్పించింది. కాకపోతే అక్కడి జిల్లా అథారిటీలో ఎస్పీని కూడా సభ్యుడిగా పెట్టారు. ఎవరిపై ఫిర్యాదు వస్తుందో వారి అధికారే తీర్పరుల్లో ఒకరైతే స్వతంత్రత మిగలదన్న విమర్శ అందుకే వచ్చింది. మన జిల్లాల్లో ఏర్పడే అథారిటీలు ఆ పొరపాటు చేయకూడదు.

మీరు ఈ నెలలోనే చేయగలిగిన పనులు ఇవి. జిల్లా పర్యవేక్షణ కమిటీ ఏర్పాటు ఉత్తర్వు ప్రతి ఇవ్వాలని కలెక్టర్‌కు లేఖ రాయండి. అది ఎన్నిసార్లు సమావేశమైందో, రాష్ట్ర కమిటీకి ఎన్ని నెలవారీ నివేదికలు వెళ్లాయో అడగండి. మొదటి సమావేశంలో ఏదో ఒక స్టేషన్‌ను అప్పటికప్పుడు ఎంచి, మూడు నెలల కిందటి ఒక రాత్రి దృశ్యాలు చూపించమనండి. ఆ రాత్రి ఎవరెవరు లోపలికి వచ్చారో, ఎప్పుడు బయటికి వెళ్లారో జనరల్ డైరీతో సరిచూడండి. ‘ఇక్కడ కెమెరా నిఘా ఉంది, మీ హక్కుకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దృశ్యాలు భద్రపరచమని కోరవచ్చు’ అని చెప్పే పెద్ద బోర్డు స్టేషన్ గుమ్మం దగ్గరా లోపలా ఉండాలని తీర్పు చెప్పింది. అది తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. మీ జిల్లాలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఎక్కడ కూర్చుంటుందో, ఎవరికి ఎలా ఫిర్యాదు చేయాలో ప్రతి గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించండి. అథారిటీ లేకపోతే దాన్ని ఏర్పాటు చేయాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి ముఖ్యమంత్రికి పంపండి.

వీటికి కొత్త చట్టం అవసరం లేదు, నిధులు అవసరం లేదు, ఎవరి అనుమతీ అవసరం లేదు. ఇప్పటికే ఉన్న సుప్రీంకోర్టు ఆదేశం చాలు. కలెక్టర్‌కు ఆ మొదటి లేఖ ఈ వారమే రాయండి. దాని ప్రతిని, వచ్చిన జవాబును మీ జిల్లా ప్రజల ముందు పెట్టండి.